పాత తుపాకీకి గ్రైండర్ పెట్టొద్దు

పాత తుపాకీ ఎవరైనా పట్టుకొస్తే నేను ముందు తుప్పు జోలికి పోను. గొట్టంలో ఏముందో చూస్తాను. మూతి నుంచి మందు కూరే రకం తుపాకుల్లో ఎప్పుడో ముత్తాతల కాలంలో కూరిన మందూ గుండూ అలాగే ఉండిపోవడం మామూలే. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందు తడి తగలకుండా ఉంటే నూరేళ్ల తర్వాతైనా అంటుకుంటుంది. అందుకే సన్నని కర్ర ఒకటి మూతిలోంచి దింపి, అది ఆగినప్పుడు మూతి దగ్గర గుర్తు పెట్టుకుంటాను. అదే కర్రను బయట గొట్టం పక్కన ఆనించి చూస్తే, దాని కొస నిప్పు అందే రంధ్రం దాకా రావాలి. నాలుగు వేళ్ల మేర తక్కువ వచ్చిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇక దాన్ని వేడి చేయకూడదు, డ్రిల్లు పెట్టకూడదు, మీట లాగి చూడకూడదు. ఆ పని తెలిసిన ఆర్మరర్ చేతికే వెళ్లాలి.

కాగితాల సంగతి కూడా అప్పుడే అడుగుతాను. అటక మీద దొరికినా, తాతగారిదైనా తుపాకీ తుపాకీయే. 1959 నాటి ఆయుధాల చట్టం, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. అయితే మన ఇంట్లో ఉన్నది ఆ కోవలోకి వస్తుందని మనకు మనమే అనుకుంటే సరిపోదు. ముందు పోలీసు స్టేషన్‌లో చెప్పి, రాతపూర్వకంగా తేల్చుకున్నాకే నా దగ్గరికి తెమ్మంటాను. నేను చేసేది దాన్ని మళ్లీ పేల్చడానికి కాదు, మిగిలిన ఇనుమును మిగుల్చుకోవడానికి.

విజయనగరం జిల్లా నుంచి ఒక కుర్రాడు అన్ని కాగితాలతో తెచ్చిన చెకుముకి తుపాకీ ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. గొట్టం ఖాళీ. మీట దగ్గరి యంత్రం మాత్రం ముద్దగా పట్టేసింది. చూడగానే అతను, “బాబాయ్ గారూ, గ్రైండర్‌కి వైరు బ్రష్షు తగిలించి ఒక్క పట్టు పడితే అద్దంలా అయిపోదా?” అన్నాడు. “అవుతుంది నాయనా. కాకపోతే అది ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే అక్షరాలు కూడా ఆ పొడిలోనే పోతాయి” అన్నాను.

ఇనుము తుప్పుగా మారితే ఒళ్లు పెరుగుతుంది. ముందున్న చోటుకు రెట్టింపు, ఒక్కోసారి మూడింతలకు పైగా ఆక్రమిస్తుంది. స్క్రూకీ దాని రంధ్రానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులో ఆ పెరుగుదలకు చోటు చాలక రెండూ బిగుసుకుపోతాయి. బలం పెడితే తెగేది స్క్రూ తలే. నూనె లోపలికి దిగాలి, అందుకు టైము ఇవ్వాలి. నేను వాడేది కారు గేరుబాక్సులో పోసే ఎర్రటి ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపిన మందు. పోసేముందు ప్రతిసారీ గిలక్కొట్టాలి, లేకపోతే రెండూ విడిపోతాయి. అసిటోన్ మంటను ఇట్టే అందుకుంటుంది కాబట్టి అది పూర్తిగా ఆరిపోయేదాకా వేడి మాటే ఎత్తకూడదు. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40ని 1953లో తయారుచేసింది తేమను తరిమేయడానికి. తడి తోలడానికి అది భేషుగ్గా పనికొస్తుంది, కానీ ఏళ్ల తరబడి కాపాడే పూత కాదు.

స్క్రూ దగ్గర నేను చాలా చాదస్తంగా ఉంటాను. ఆ కాలపు స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. బజారులో దొరికే స్క్రూడ్రైవర్ కొస ఏటవాలుగా ఉండి గాడి పైఅంచును మాత్రమే పట్టుకుంటుంది, తిప్పగానే జారి అంచు చెక్కేస్తుంది. అందుకే ప్రతి గాడికీ సరిపడేలా స్క్రూడ్రైవర్ కొసను ఆకురాయితో అరగదీసుకుంటాను. గాడిలో పెట్టాక చిన్న సుత్తితో నెమ్మదిగా తడతాను. ఆ అదురుకు తుప్పు చిట్లి నూనెకు దారి దొరుకుతుంది. తర్వాత విప్పే వైపు కాక, ముందు బిగించే వైపు ఒక పిసరు తిప్పుతాను. కదిలిందా, సగం పని అయినట్టే. ఊడి వచ్చిన స్క్రూలను అట్టముక్క మీద యంత్రం బొమ్మ గీసి, దేని చోట దాన్ని గుచ్చి పెట్టాలి. అవన్నీ చేత్తో చేసినవి, ఒకదాని రంధ్రంలో ఇంకోటి సరిగ్గా కూర్చోదు. లోపలి పెద్ద స్ప్రింగు వంగిన పట్టీలా ఉండి ఎప్పుడూ ఒత్తిడి మీదే ఉంటుంది. దాన్ని బిగించి పట్టే చిన్న పట్టకారు లేకుండా దాని స్క్రూ ముట్టుకోకూడదు, ఎగిరితే కన్ను పోతుంది.

విడదీశాక నాకు అన్నిటికంటే నచ్చే పని ఉడకబెట్టడం. జిడ్డు కడిగేసి, ఇనప భాగాలను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లలో అరగంట మరిగిస్తాను. కొళాయి నీళ్లయితే సున్నపు మరకలు పడతాయి. మరుగుతుండగానే ఎర్రతుప్పు నల్లబడుతుంది. లోహం తినేసే ఆక్సైడు కాస్తా, ఒంటిని అంటిపెట్టుకుని ఉండే నల్ల ఆక్సైడుగా మారుతుంది. పైన వదులుగా నిలిచిన నల్లటి పొడిని నాలుగు సున్నాల స్టీలు ఊలుతో తుడిచేసి, ఎరుపు కనిపించినంత కాలం మళ్లీ మరిగిస్తాను. లోహం ఒక్క రవ్వ కూడా పోదు. ఆమ్లాల్లో నానబెట్టడం తేలికే. కానీ గట్టిపరిచిన స్ప్రింగుల్లోకి హైడ్రోజన్ చేరి అవి పెళుసెక్కుతాయి, తర్వాత ఎప్పుడో ఠప్పున విరుగుతాయి.

ఈ తుపాకీ రేకు మీద రెండోసారి తుడిచినప్పుడు గుండె ఆకారంలో ఒక ముద్ర బయటపడింది. నాలుగు గడులు, ప్రతి గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం. ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద పందొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్ల దాకా వేసిన గుర్తు అది. తర్వాత దాని చోట సింహం వచ్చింది. గొట్టం కొలిస్తే 39 అంగుళాలు. కంపెనీ కోసం తయారైన ఆ నమూనా చవకగా, త్వరగా తయారవుతుందని 1790లలో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు బ్రిటిష్ సైన్యమే దాన్ని తీసుకుంది. ఆ ముద్ర లోతు గోటికి తగిలీ తగలనంత. ఉప్పుకాగితం నాలుగుసార్లు అటూ ఇటూ ఆడిస్తే చాలు, ఈ చరిత్ర అంతా చెరిగిపోయేది.

గుంటలు పడిన చోట తుప్పును పూర్తిగా తవ్వి తీయను. అక్కడ టానిక్ ఆమ్లం పూస్తాను. తుప్పుతో కలిసి అది నల్లటి, నిలకడైన పొరగా మారుతుంది. మ్యూజియంల వాళ్లు చేసేదీ ఇదే. మన శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివాళ్లకు ఈ రసాయనం ఎప్పటి నుంచో చేతిలో పని. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన కషాయంతో గీత గీస్తే నల్లగా తేలేది కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసినందువల్లే.

ఆఖరున గోరువెచ్చగా ఆరబెట్టి, మైనం పలచగా పట్టించి అప్పగిస్తాను. కుర్రాడికి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. తోలు ఒరలో పెట్టొద్దు, అది తేమ పీల్చి పట్టుకుంటుంది. చెమట చేతులతో ముట్టుకోవద్దు, ఉప్పు అంటుకుంటుంది. వాళ్ల ఊరికి సముద్రపు గాలి తగులుతుంది కాబట్టి వానాకాలం వెళ్లాక ఒకసారి స్క్రూల చుట్టూ చూడాలి. ఎర్రటి పొడి కనిపిస్తే ఆలస్యం చేయకుండా నూనె గుడ్డతో తుడిచి, మైనం మళ్లీ పట్టించాలి.