ప్యాకెట్ల ప్రయాణంలో పూచీ ఎవరిది?

రెండు లేదా అంతకుమించి కంప్యూటర్లు తీగల ద్వారానో రేడియో తరంగాల ద్వారానో సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటును నెట్‌వర్క్ అంటారు. ఇంట్లోని ఫోన్లనూ లాప్‌టాప్‌నూ కలిపే వైఫై మొదలుకొని, అసంఖ్యాకమైన నెట్‌వర్కులను కలుపుకొన్న ఇంటర్నెట్ వరకు పరిమాణంలో ఎంత అంతరమున్నా, సమాచారం నడిచే తీరు మౌలికంగా ఒక్కటే.

పాత టెలిఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఒక లైను పూర్తిగా వారికే కేటాయించి ఉండేది. కంప్యూటర్లు ఉండుండి ఒక్కసారిగా సమాచారాన్ని కుమ్మరించి, ఆపైన చాలాసేపు ఊరుకుంటాయి కనుక, వాటికి ఆ పద్ధతి శుద్ధ దండగ. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీనికి ఒకే విధమైన పరిష్కారాన్ని ఆలోచించారు. సమాచారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ చేరవలసిన చిరునామా తగిలించి, అందరూ పంచుకునే దారిలోకి వదలడమే ఆ పరిష్కారం. ఆ ముక్కకు డేవిస్ పెట్టిన పేరే ప్యాకెట్. ఈ పద్ధతిపై నిర్మించిన ఆర్పానెట్‌లో 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజిలిస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం బయలుదేరింది. ‘లాగిన్’ అన్న ఆంగ్ల పదంలో మొదటి రెండక్షరాలు చేరేసరికే అవతలి కంప్యూటర్ మొరాయించింది.

ఇంటర్నెట్‌లో ప్యాకెట్ మోసే చిరునామాను ఐపీ అడ్రస్ అంటారు. 32 బిట్ల పాత విధానంలో ఇవి దాదాపు 430 కోట్లకు మించవు కనుక, 128 బిట్ల కొత్త విధానం రావలసి వచ్చింది. ఇంటిల్లిపాది ఫోన్లూ తరచూ ఒకే బహిరంగ చిరునామాను పంచుకోవడానికి కారణమూ ఆ కొరతే. అంకెల చిరునామాలు మనుషులకు గుర్తుండవు కనుక, పేరు చెబితే దానికి చెందిన అంకెలు తెలిపే డీఎన్ఎస్ అనే వ్యవస్థ 1983లో రూపొందింది.

చిరునామా చూసి ప్యాకెట్‌ను తరువాతి మజిలీకి అందించే యంత్రం రౌటర్. దారి రద్దీగా ఉండి, తన దగ్గర చోటు చాలకపోతే అది ప్యాకెట్‌ను నిస్సంకోచంగా పారేస్తుంది. నిర్లక్ష్యంగా తోచే ఈ తీరు నిజానికి బుద్ధిపూర్వకంగా ఎంచుకున్నదే. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రకటించిన టీసీపీ అనే నియమావళి ప్రకారం, ముక్కలను వరుసలో పేర్చడం, అందినట్లు కబురు పంపడం, అందని వాటిని మళ్లీ పంపడం రెండు కొసల్లోని కంప్యూటర్ల పూచీ. ఆర్పానెట్ 1983 జనవరి 1న ఈ విధానానికి మారింది.

పూచీ కొసలకు వదిలేయడంలోని ప్రమాదం 1986లో బయటపడింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పోయిన ప్యాకెట్లను కంప్యూటర్లు పదేపదే పంపుతూ రద్దీని తామే పెంచుకుంటున్నాయి. వాన్ జాకబ్సన్ చూపిన విరుగుడు కూడా కొసల్లోనే ఉంది: ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని గ్రహించి, పంపే కంప్యూటరే వేగం తగ్గించుకోవాలి. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ కోసం దారిలోని రౌటర్లను మార్చవలసిన అవసరం రాకపోవడానికి ఈ పని విభజనే కారణం.