ధర్నాకు చోటు.. హక్కులో భాగమే
- ఇందిరాపార్కు వివాదం నేర్పిన పాఠం
- జిల్లా కేంద్రాలకూ అదే ప్రశ్న

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణం పౌరులకు కల్పించింది. అయితే ఎక్కడ సమావేశం కావాలన్నది తేలనంతవరకు ఆ హక్కు కాగితాలకే పరిమితమవుతుంది. హైదరాబాద్ ఇందిరాపార్కు వద్ద ధర్నాచౌక్‌పై నడిచిన వివాదమే ఇందుకు నిదర్శనం.

ఎందుకంత ప్రాధాన్యం?

సచివాలయానికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, రైల్వేస్టేషన్లకు, బస్టాండ్లకు అందుబాటులో ఉన్న ప్రదేశమిది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్మికులు, కౌలు రైతులు, నిరుద్యోగులు ఇక్కడే శామియానా వేసుకుని గోడు వినిపించుకునేవారు. సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కిన కూలీ పగలంతా ధర్నాలో కూర్చుని, ఆ రాత్రికే తిరుగు ప్రయాణమయ్యే వీలుండేది. పత్రికల వారు, ప్రతిపక్ష నేతలు, అధికారులు సులువుగా చేరుకోగలగడం మరో అనుకూలత.

2017లో ఏం జరిగింది?

ట్రాఫిక్ రద్దీ, మైకుల మోత, స్థానికుల ఇబ్బందులను కారణంగా చూపి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2017లో ధర్నాచౌక్‌ను నగర శివార్లకు తరలించాలని నిర్ణయించింది. స్థానికుల ఇబ్బందుల్లో వాస్తవం లేకపోలేదు. కానీ శివార్లలో వినేవారు ఎవరన్న ప్రశ్నకు సమాధానం రాలేదు. ప్రొఫెసర్ కోదండరాం నేతృత్వంలోని ఐకాస, వామపక్షాలు, ఇతర ప్రతిపక్షాలు మే 15న ‘చలో ధర్నాచౌక్’కు పిలుపునిచ్చాయి. అదే రోజు తరలింపును కోరుతూ మరో వర్గం అక్కడికి చేరడంతో ఘర్షణ జరిగి, పోలీసులు లాఠీలు ఝళిపించారు. స్థానికుల పేరిట మఫ్టీలో ఉన్న పోలీసులే ప్లకార్డులు పట్టుకున్నారన్న విమర్శలూ వచ్చాయి. చివరకు 2018లో హైకోర్టు జోక్యంతో చౌక్ మళ్లీ తెరుచుకుంది. ధాన్యం కొనుగోళ్లపై కేంద్ర వైఖరికి నిరసనగా 2021 నవంబరు 18న నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా అక్కడే మహాధర్నాలో కూర్చోవడం గమనార్హం. నేటి పాలకుడికి రేపు అదే చోటు అవసరం కావచ్చు.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే స్పష్టతనిచ్చింది. బహిరంగ సభలను ప్రభుత్వం క్రమబద్ధీకరించవచ్చు గానీ, వీధులన్నింటినీ, బహిరంగ స్థలాలన్నింటినీ మూసివేయజాలదని పేర్కొంది. ఢిల్లీలోని జంతర్‌మంతర్ వద్ద నిరసనలపై సంపూర్ణ నిషేధం తగదని 2018 జులైలో తీర్పునిచ్చింది. మరోవైపు, రహదారులను నిరవధికంగా ఆక్రమించడం కుదరదని 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ కేసులో తేల్చింది. అంటే బాటసారి హక్కు, నిరసనకారుడి హక్కు రెండూ నిలవాలి. అందుకు తగిన స్థలాన్ని చూపాల్సిన బాధ్యత యంత్రాంగానిదే.

జిల్లాల్లో పరిస్థితి

ఈ చర్చ రాజధానికే పరిమితం కాదు. తెలంగాణలో పలు జిల్లాల సమీకృత కలెక్టరేట్లు పట్టణాల వెలుపల వెలిశాయి. 2021 జూన్‌లో ప్రారంభమైన సిద్దిపేట కలెక్టరేట్ దుద్దెడ వద్ద ఉంది. పాత కలెక్టరేట్ల ఎదుట ధర్నా చేస్తే దారిన పోయేవారూ ఆగి అడిగేవారు. ఊరి బయట రహదారి పక్కన కూర్చుంటే వచ్చిపోయే వాహనాలే సాక్షులు. వినతిపత్రం ఇచ్చేందుకు వచ్చిన వృద్ధులకు, వికలాంగులకు ఆటో ఛార్జీలు అదనపు భారం. పైగా గతంలో 144వ సెక్షన్ కింద విధించిన నిషేధాజ్ఞలు 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ కింద కొనసాగుతున్నాయి.

చేయాల్సిందేమిటి?

ప్రతి జిల్లా కేంద్రంలో బస్సు సౌకర్యం ఉన్నచోట, అధికారుల కంటికి కనిపించేలా ఒక స్థలాన్ని నిరసనలకు కేటాయించాలి. నీడ, తాగునీరు, మహిళలకు మరుగుదొడ్లు కల్పించాలి. అనుమతి నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా, సకాలంలో తెలపాలి. ఇందుకు పెద్దగా నిధులు అక్కరలేదు. ఎదుటివారి మాట వినాలన్న సంకల్పం ఉంటే చాలు.