చేలో కొలతలు, కాంటా వద్ద అంచనాలు
మొక్కజొన్న బేరంలో తేమ లెక్క

భద్రాచలం అడవి అంచు మండలాల మొక్కజొన్నను ఎంచడంలో వర్తకునికి మొదటి సాధనం నేటికీ అరచెయ్యే. గింజను పిడికిట పట్టి, పంటికింద వేసి చూసి తేమ ఇంత అని తేల్చడం అలవాటు. తేమ మీటర్లు లేక కాదు. రాకలు పోటెత్తిన రోజున మీటరు కంటే చెయ్యి త్వరగా పని చేస్తుంది. అయితే పండించే చోట పద్ధతులు మారుతున్నాయి. ఆ మార్పు బేరంలో ఇంకా పూర్తిగా ప్రతిఫలించలేదు.

ప్రిసిషన్ వ్యవసాయం అనేదాన్ని కొలతల సాగు అనవచ్చు. గోదావరి ఒడ్డున రేగడి, అడవి వైపు జరిగేకొద్దీ ఎర్ర చల్క. ఒక్కొక్కచోట ఒకే కమతంలో రెండూ ఉంటాయి. చేనంతటికీ ఒకే మోతాదు వేయక, ఏ చెక్కకు ఎంత కావాలో కొలిచి అంతే వేయడం దీని సారాంశం.

ఇందుకు ఖమ్మంలోనే ఒక ఉదాహరణ ఉంది, కాకపోతే అది మిరపలో. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2022లో ఆరంభించిన ‘సాగు బాగు’ పథకం కింద డిజిటల్ గ్రీన్ సంస్థ జిల్లాలో 7,000 మంది మిరప రైతులకు భూసార పరీక్షలు, ఫోను ద్వారా సలహాలు, యంత్రంతో కాయ నాణ్యత పరీక్ష సమకూర్చింది. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగుపడిందని ఫోరం ప్రకటించింది. నిర్వాహకుల అంకెలు కనుక కొంత ముదరా ఇచ్చి చదువుకోవచ్చు. అయినా ధరలో వచ్చిన మెరుగును నాణ్యతకు ఆపాదించారన్నది వర్తక వర్గాలు గమనించదగిన విషయం.

తిండిగింజలకు మిరప ధర రాదు. కాబట్టి ఖరీదైన యంత్రాల ఖర్చును అవి మోయలేవు. వరికి ఆకు రంగుల పట్టిక చాలు. వారం పది రోజులకొకసారి పదేసి ఆకులను నీడన పట్టిక పక్కన పెట్టి చూసి, రంగు పలచబడితేనే యూరియా చల్లుతారు. యూరియా మితిమీరితే పైరు పడిపోతుంది, దోమ చేరుతుంది, తాలు పెరుగుతుంది. మిల్లరు కోసే తరుగుకు మూలం తరచు అక్కడే ఉంటుంది.

ఉపగ్రహాల సంగతి వేరు. యూరపు వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల గడులుగా పొలాన్ని చూస్తాయి. ఎకరానికి సుమారు 40 గడులు. వానాకాలంలో మబ్బులు అడ్డు. అడవి అంచున సగం చెట్టు, సగం పైరు ఉన్న గడి తప్పుడు రంగు చూపుతుంది. చిన్న పోడు చెక్కలకు ఇది మరీ ఇబ్బంది. ఆకాశం తేటగా ఉండే యాసంగిలో, పెద్ద కమతాల మొక్కజొన్నకు మాత్రం ఇది పనికివస్తుంది.

తరుగు ఎవరిపై పడుతుంది?

వరుసల్లో సమంగా విత్తి, ఎరువు సమంగా అందిన చేను ఇంచుమించు ఒకేసారి పక్వానికి వస్తుంది. గింజ మొదట నల్లచార కనిపిస్తే అది ముదిరినట్లే, ఆపై ఆరడమే మిగిలింది. అట్టి చేలోని సరుకులో తేమ బస్తా బస్తాకు పెద్దగా మారదు. కొలతల సాగు వల్ల వర్తకునికి నేరుగా కలిగే లాభం ఇదే.

ఇక లెక్క. మొక్కజొన్నకు ప్రమాణం 14 శాతం తేమ. 18 శాతం తేమ ఉన్న క్వింటాలు 14కు ఆరితే తగ్గేది 4 కిలోలని చాలామంది వేసుకుంటారు. నిజానికి తగ్గేది 4.65 కిలోలు, ఎందుకంటే నీరుపోను 82 కిలోలున్న గింజ, ఆరిన సరుకులో 86 శాతమవుతుంది. 2025-26 మద్దతు ధర 2,400 రూపాయలనే ప్రాతిపదికగా తీసుకుంటే, 15 శాతం తేమ ఉన్న సరుకు విలువ క్వింటాలుకు 2,372 రూపాయలు, 19 శాతం సరుకుది 2,260 రూపాయలు. తేడా 112. ఆరబెట్టే కూలి, రవాణా ఇందులో చేరలేదు.

ఈ రెంటినీ కలిపి, సగటున 17 శాతమని గంపగుత్తగా 2,316 రూపాయలకు కొన్నారనుకుందాం. ఆరబెట్టి తెచ్చిన రైతు క్వింటాలుకు 56 రూపాయలు నష్టపోయి, పచ్చి సరుకు తెచ్చినవాడు అంతే లాభపడతాడు. వచ్చే ఏడు మొదటివాడు కూడా కళ్లంలో రెండు రోజులు ఎందుకు ఆగాలి? అంతా 19 శాతం సరుకే తెస్తే, 2,316 పెట్టిన కమీషన్ వర్తకుని ఖాతాలో ఆ 56 రూపాయలు చేరుతాయి. గంపగుత్త తరుగు మొదట మంచి రైతును, తరువాత కొన్నవాడినే దెబ్బ తీస్తుంది.

గిరాకీ వైపు నుంచి కూడా ఒత్తిడి వస్తున్నది. కోళ్ల దాణా, స్టార్చి మిల్లులకు తోడు 2023-24 నుంచి ఇథనాల్ డిస్టిలరీలు పెద్ద కొనుగోలుదారులయ్యాయి. టన్నుకు 380 లీటర్ల చొప్పున ఇథనాల్ తీసేవారు నీటికి డబ్బు ఇవ్వరు. పచ్చి సరుకు గోదాములో వేడెక్కి బూజు పడితే అఫ్లాటాక్సిన్ భయంతో దాణా మిల్లరు లాటును తిప్పి పంపుతాడు.

మీటరు వాడేవారు కూడా రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎండలోంచి తీసిన వేడి గింజ పైపొర ఆరి లోన పచ్చిగా ఉంటుంది కనుక కాసేపు చల్లారనిచ్చి చూడాలి. నమూనాను బస్తా మూతి దగ్గర కాక నడుమ నుంచి, నాలుగైదు బస్తాల్లోంచి తీసి కలపాలి.