నేలను ఎంతసేపు నెట్టాలి? పోలీస్ ఈవెంట్స్ వెనక లెక్క

1600 మీటర్లు, 4 మీటర్లు, 6 మీటర్లు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌తో జరిగిన పోలీస్ నియామకాల్లో పురుషులకు పెట్టిన మూడు కొలతలివి. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి. 7.26 కిలోల షాట్‌పుట్ గుండును 6 మీటర్లు వేయాలి. మహిళలకు 5 నిమిషాల 20 సెకన్లలో 800 మీటర్లు, రెండున్నర మీటర్ల లాంగ్ జంప్, 4 కిలోల గుండుతో 4 మీటర్లు. మంథని, పెద్దపల్లి, గోదావరిఖని గ్రౌండ్లలో తెల్లవారకముందే యువత రౌండ్లు కొట్టేది ఈ అంకెల కోసమే.

ఈవెంట్స్ అని పిలిచే ఈ పరీక్షల్లో తప్పితే ‘బలం చాలలేదు’ అనుకోవడం మామూలు. లెక్క వేసి చూస్తే చాలాసార్లు లోపం బలంలో ఉండదు. ఉన్న బలాన్ని ఎంతసేపు, ఎంత దూరం, ఏ దిక్కున వాడామన్న దాంట్లో ఉంటుంది.

తోసేది నేలే

మన కండరాలు మనల్ని నేరుగా ముందుకు తోయలేవు. కాలు నేలను వెనక్కి, కిందికి నెడుతుంది. నేల అంతే బలంతో మనల్ని ముందుకు, పైకి నెడుతుంది. పదో తరగతి లోపే చదువుకున్న న్యూటన్ మూడో నియమం ఇదే. ఆ బలాన్ని అది పనిచేసిన సమయంతో గుణిస్తే ప్రచోదనం వస్తుంది. మన వేగం ఎంత మారుతుందో తేల్చేది అదే. బలాన్ని దూరంతో గుణిస్తే పని. గుండు ఎంత వేగంతో చేయి వదులుతుందో చెప్పేది అది.

కింది లెక్కలన్నిటికీ 60 కిలోల యువకుడిని తీసుకుందాం. అతని బరువు సుమారు 590 న్యూటన్లు. అడుగు కాలం, ఎత్తు వంటివి మామూలుగా ఉండే విలువల అంచనాలు. మనిషిని బట్టి కొంత మారతాయి.

1600 మీటర్లు: రౌండుకు 108 సెకన్లు

7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. వేగం సెకనుకు 3.68 మీటర్లు, అంటే గంటకు 13.2 కిలోమీటర్లు. 400 మీటర్ల ట్రాక్‌పై రౌండుకు 108 సెకన్ల చొప్పున నాలుగు రౌండ్లు. మహిళల 800 మీటర్లకు రౌండుకు 160 సెకన్లు, గంటకు 9 కిలోమీటర్లు.

నిమిషానికి 170 అడుగులు పడితే ఒక్కో అడుగు 1.3 మీటర్లు, మొత్తం దాదాపు 1,230 అడుగులు. ఒక అడుగుకు పట్టే 0.35 సెకన్లలో పాదం నేల మీద ఉండేది 0.25 సెకన్లే. మిగతా సేపు గాలిలోనే. గాలిలో గడిపిన ఆ సమయానికి కూడా బాకీ తీర్చాలి కాబట్టి, నేల మీదున్నప్పుడు సగటున 830 న్యూటన్లు, గరిష్ఠంగా 1,300 న్యూటన్ల దాకా కాలు మోయాలి. అది 130 కిలోల బరువుతో సమానం. ఒక్కో కాలికి ఆరువందలకు పైగా సార్లు.

ఇదంతా పైకి నిలబెట్టే బలం. మరి ముందుకు? వేగం స్థిరంగా ఉన్నప్పుడు గాలి నిరోధం ఒక్కటే ఎదురు. ఈ వేగంలో అది సుమారు 4 న్యూటన్లు, అరకిలో బరువు కన్నా తక్కువ. అయినా ముందుకు పోవడానికి అలసట ఎందుకు? పాదం దేహానికి బాగా ముందు పడ్డ ప్రతిసారీ నేల మనల్ని వెనక్కి నెడుతుంది. పోగొట్టుకున్న వేగాన్ని అదే అడుగు రెండో సగంలో మళ్లీ సంపాదించాలి. అంగలు సాగదీసేవాళ్లు ప్రతి అడుగులో బ్రేకు వేసి, మళ్లీ తోసుకుంటున్నారన్నమాట. పాదం నడుముకు వీలైనంత దగ్గరగా పడేలా, అడుగులు కాస్త చిన్నగా, త్వరగా వేస్తే ఈ నష్టం తగ్గుతుంది.

రెండో నష్టం తొందర. మొదటి రౌండ్ 80 సెకన్లలో కొడితే వేగం గంటకు 18 కిలోమీటర్లు. వ్యాయామ శాస్త్రంలో వాడే అంచనా సూత్రం ప్రకారం, 13.2 కిలోమీటర్ల వేగానికి దేహం కిలోకు నిమిషానికి దాదాపు 48 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అడుగుతుంది. 18 కిలోమీటర్లకు 63 దాటుతుంది. మామూలు సాధన ఉన్న యువకుడికి అది అందని అంకె. ఆ అప్పు మూడో రౌండులో తీర్చాల్సి వస్తుంది. ‘మొదటి రౌండ్ల ఉరకకు’ అని గ్రౌండ్లో సీనియర్లు చెప్పే మాటకు ఆధారం ఇదే.

పోలికకు ఒక అంకె. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జీ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లను 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది. సెకనుకు 7.17 మీటర్లు: అర్హత వేగానికి దాదాపు రెట్టింపు.

లాంగ్ జంప్: 0.13 సెకన్ల బేరం

పైకి లేచే చోట ఉండే బోర్డు మీద పాదం ఉండేది దాదాపు 0.13 సెకన్లు. ఇక్కడ సమయం పెంచుకునే వీల్లేదు. 4 మీటర్లలో పైకి లేచేటప్పుడు దేహం బోర్డుకు ముందు ఉండటం వల్ల కొంత, దిగేటప్పుడు కాళ్లు చాచడం వల్ల కొంత కలిసొస్తాయి. గాలిలో నిజంగా దాటాల్సింది సుమారు 3.4 మీటర్లు.

బోర్డు దగ్గర వేగం సెకనుకు 6 మీటర్లుంటే 0.57 సెకన్లు గాలిలో ఉంటే చాలు. దిగేటప్పుడు దేహం లేచినప్పటి కన్నా కిందికి ఉంటుంది కాబట్టి, అందుకు పైకి సెకనుకు 2.1 మీటర్ల వేగం చాలు. కాలు సగటున 1,560 న్యూటన్లు నెట్టాలి. వేగం 5 మీటర్లే అయితే 0.68 సెకన్లు గాలిలో ఉండాలి. పైకి 2.7 మీటర్ల వేగం కావాలి. కాలిపై భారం 1,850 న్యూటన్లకు పెరుగుతుంది. రనప్‌లో, అంటే బోర్డు దాకా ఉరికే ఉరుకులో, పోయిన ఒక్క మీటరు వేగానికి బదులుగా, కన్ను మూసి తెరిచేలోపు, అదనంగా 30 కిలోల బరువంత బలం తేవాలి.

‘45 డిగ్రీలకు లేవాలి’ అన్న సలహా ఇక్కడ పనికిరాదు. 6 మీటర్ల వేగంతో వచ్చి 45 డిగ్రీలకు లేవాలంటే పైకి కూడా 6 మీటర్ల వేగం కావాలి. అంటే దేహం 1.84 మీటర్లు పైకి లేవాలి. 1993లో 2.45 మీటర్ల హైజంప్ ప్రపంచ రికార్డు నెలకొల్పిన హవియర్ సోటోమేయర్ గురుత్వ కేంద్రం కూడా అంత లేవలేదు. మన లెక్కలో మొదటి జంపు కోణం 19 డిగ్రీలే. ప్రపంచ స్థాయి జంపర్లు లేచేదీ 20 డిగ్రీల దగ్గరే.

కొలత బోర్డు అంచు నుంచి తీస్తారు. ఫౌల్ భయంతో 20 సెంటీమీటర్ల వెనక నుంచి దూకితే 4.20 దూకినా రాసేది 4.00. దిగడమూ లెక్కే. కిందికి సెకనుకు 3.5 మీటర్ల వేగంతో వచ్చే దేహాన్ని బిగిసిన కాళ్లతో 0.05 సెకన్లలో ఆపితే నేల బలం 4,800 న్యూటన్లు. మోకాళ్లు వంచి, తవ్వి మెత్తగా చేసిన ఇసుకలో 0.25 సెకన్లు తీసుకుంటే 1,430. ప్రాక్టీసుకు ముందు ఇసుక తవ్వడం మోకాళ్లను కాపాడే పని.

షాట్‌పుట్: దారి పెంచితే భారం దాదాపు సగం

1.9 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన గుండు 6 మీటర్ల దూరం పడాలంటే వేగం సెకనుకు 6.6 మీటర్లు ఉండాలి. అనువైన కోణం 36 డిగ్రీలు. అదే వేగంతో 45 డిగ్రీలకు వేస్తే 5.83 మీటర్లు, 30కి వేస్తే 5.92. కోణం తప్పితే పోయేది జానెడు లోపే. కానీ వేగం పది శాతం తగ్గితే 5.11 మీటర్లకు పడిపోతుంది. పది శాతం పెరిగితే 6.96కు చేరుతుంది.

ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది? చేయి ఒక్కటే చాపితే గుండును నెట్టే దారి 60 సెంటీమీటర్లు. సగటున 300 న్యూటన్లు కావాలి. మోకాళ్లు వంచి, నడుము తిప్పి, కాలి నుంచి మొదలుపెడితే దారి 1.2 మీటర్లు, అప్పుడు 172 న్యూటన్లు చాలు. గుండు బరువే 71 న్యూటన్లు. చేతి కండరాలు పెంచడానికి నెలలు పడుతుంది. దారి పెంచే పద్ధతి వారాల్లో పట్టుబడుతుంది.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలంగాణ అమ్మాయి అగసార నందిని హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. అందులోని ఏడు అంశాల్లో 800 మీటర్లు, లాంగ్ జంప్, 4 కిలోల షాట్‌పుట్ ఉన్నాయి. మహిళా అభ్యర్థులు గ్రౌండ్లో చేసేదీ ఈ మూడే, మోతాదు మాత్రం వేరు.

మీ లెక్క మీరే తీయండి

బోర్డుకు పది మీటర్ల ముందు సున్నంతో ఒక గీత గీసి, అక్కడి నుంచి బోర్డు దాకా పట్టిన సమయం చూడండి. 1.67 సెకన్లయితే మీ వేగం 6 మీటర్లు. 2 సెకన్లయితే 5. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో జంపు 137 ఫ్రేములు గాలిలో ఉంటే 0.57 సెకన్లు. రనప్‌కు 2 సెకన్లు పడుతున్నవాడు జిమ్‌లో బరువులెత్తే గంటను స్ప్రింట్లకు మార్చాలి. రనప్ సరిగ్గా ఉండి ఫ్రేములు తక్కువ పడుతున్నవాడు కాలి బలం పెంచుకోవాలి. ఇద్దరూ 3.80 దగ్గరే ఆగుతుండొచ్చు. ఒకరి వైద్యం మరొకరికి పనిచేయదు.