తాతగారి తుపాకీ... నమ్మొచ్చా?

పాతింట్లో బీరువా వెనక ఓ జోడు గొట్టాల తుపాకీ. నున్నటి చెక్క, ఇనుముమీద చక్కటి నగిషీ. 'ఆ రోజుల్లో సరుకండీ, ఇప్పుడెక్కడ దొరుకుతుంది!' అనేస్తారు ఎవరైనా. ఆ మాటలో సగమే నిజం!

బ్యాంకు గార్డుల భుజాన తరచూ కనిపించే 'ట్వెల్వ్ బోర్' ఇదే. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టేంత గొట్టం అన్నమాట. అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

దీనికి అంత పేరెందుకంటే... నిర్మాణం తేలిక. మధ్యకి వంచి తెరవడం, రెండు తూటాలు పెట్టడం, మూయడం, అంతే. ఇరుక్కుపోవడానికి మ్యాగజైన్ ఉండదు. రెండు ట్రిగ్గర్ల రకంలో ఒకవైపు యంత్రం మొరాయించినా రెండోది పనిచేస్తుంది. తెరిచి చూస్తే చాలు, తూటా ఉందో లేదో తెలిసిపోతుంది.

మరి కొనేముందు ఏం చూడాలి? మొదట తెరిచి ఖాళీగా ఉందని రూఢి చేసుకోవాలి. గొట్టాల్లోంచి వెలుతురుకేసి చూస్తే లోపల అద్దంలా ఉండాలి. తుప్పు గుంటలూ, ఉబ్బూ, సొట్టలూ ఉంటే వద్దనుకోవడమే మేలు. మూసి ఊపితే కటకటలాడకూడదు. గొట్టాలను విడదీసి, వేలాడదీసి మెల్లగా తడితే గంటలా మోగాలి. మొద్దుగా 'టక్' మందా, రెండింటినీ కలిపిన అతుకు వదిలిందేమోనని అనుమానించాలి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రూఫ్ ముద్ర. మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకున్నాకే ఈ ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఇందుకోసం 1813లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి చేసిన పాత 'డమాస్కస్' గొట్టాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ చాలావాటిని పరీక్షించింది పాతకాలపు నల్లటి తుపాకీమందుతోనే. నేటి తూటా పెడితే పగిలి చేతినే తీసేయొచ్చు!

ఇంకో ప్రమాదం... పన్నెండు బోరులో పొరపాటున 20 బోరు తూటా వేస్తే అది జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే గొట్టం బద్దలే. అందుకే 20 బోరు తూటాలకు పసుపురంగు వేయడం ఆనవాయితీ.

ఇక చట్టం సంగతి. లైసెన్సు తాతగారి పేరున ఉంటే, ఆయన పోయాక తుపాకీ ఇంట్లోవాళ్లకు దానంతటదే రాదు. పోలీస్‌స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరికి రెండు తుపాకులే పరిమితి.

కాబట్టి బీరువా వెనక తుపాకీ బయటపడితే నగిషీ తర్వాత చూడొచ్చు. ముందు కాగితాలు వెతకండి. ఆపైన తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఒక్క తూటా కూడా పెట్టొద్దు!