పడవకొచ్చింది... మరి గంపకో?

కంచిలిలో నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ మా వీధికి చేపలు తెచ్చేది ఒక్క మనిషే. బారువ వైపు నుంచి ఆటోలో వస్తుంది. నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి 'అప్పా' అంటాను. 2025 మే నెలలో ఒకరోజు గంప దించితే అందులో ఎండుచేపలే ఉన్నాయి.

"వేట లేదు కదమ్మా, పచ్చిచేప ఎక్కడిది?" అంది.

"ప్రభుత్వం ఇరవై వేలు ఇచ్చిందట కదప్పా?"

"ఇచ్చినారమ్మా. మా ఇంటాయన ఖాతాలో పడ్డాయి. పడవకొచ్చింది గానీ, గంపకేటొచ్చింది?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వేట ఆగితే ఎవరి పని ఆగుతుంది?

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఇది అవసరమే. ఆ రెండు నెలలకూ ఇచ్చే భృతి ఒకప్పుడు 4 వేలు. 2019లో 10 వేలు చేశారు. 2025 ఏప్రిల్ 26న మన జిల్లాలోని బుడగట్లపాలెంలో 'మత్స్యకార సేవలో' పేరుతో 20 వేలకు పెంచారు. సంతోషమే. కానీ లెక్క వేసేది సముద్రం మీదికి వెళ్లే వాళ్లని. ఒడ్డున వేలంలో చేప కొని, ఐసు వేసి, ఉప్పు పట్టి, ఎండబెట్టి, ఊరూరా తిరిగి అమ్మే ఆడవాళ్లు ఆ లెక్కలో లేరు. పడవ ఆగిన రోజే గంప కూడా ఆగుతుందని ఎవరికి తెలియదు?

మా అత్తగారి కొబ్బరి చెట్లు

నేలమీదా ఇదే కథ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కవిటి దగ్గర మా తోటలో మొక్క నాటి, కుండలతో నీళ్లు మోసి పెంచింది మా అత్తగారు. పడిపోయిన చెట్లను లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు అడిగింది మాత్రం మామగారి పేరు, ఆయన పాసు పుస్తకం. పరిహారం పడిందీ ఆయన ఖాతాలోనే.

"చెట్టు పోయిందని ఏడ్చింది నేను, సంతకం ఆయనది" అంటారావిడ ఇప్పటికీ.

తప్పు మామగారిది కాదు. పట్టా ఎవరి పేరున ఉంటే రైతు వారే. 2019లో మొదలైన పీఎం కిసాన్‌లో ఏడాదికి 6 వేలు వచ్చేదీ భూమి ఉన్న కుటుంబానికే. కౌలుకు చేసేవారి కోసం మన రాష్ట్రంలో 2019లోనే సాగుదారు హక్కు పత్రాల చట్టం వచ్చింది. పదకొండు నెలలు చెల్లే ఆ కార్డుకి కూడా భూయజమాని సంతకం కావాలి.

మనకున్న దారులు

అయితే దారులు బొత్తిగా లేవని కాదు, మనకు చెప్పే వాళ్లు తక్కువ. పంటలకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపల పనికీ వర్తించింది. వ్యక్తులకే కాదు, స్వయం సహాయక సంఘాలకూ మహిళా బృందాలకూ ఆ అప్పు ఇవ్వవచ్చు. ఏడు శాతం వడ్డీ అప్పును గడువులోగా కడితే నాలుగు శాతమే పడుతుంది. వీధి వడ్డీలతో పోల్చి చూడండి! 2020లో వచ్చిన మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న సైకిలు, మోటారు సైకిలు, మూడు చక్రాల బండి వంటి వాటికి ఇతరులకు 40 శాతం రాయితీ అయితే స్త్రీలకు 60 శాతం పెట్టారు. ఈ సంగతి చెబితే అప్ప నోరు తెరిచింది.

అందుకే అక్కచెల్లెళ్లకు నా మనవి. మీ ఇంటి పాసు పుస్తకం ఒకసారి తీసి, ఎవరి పేరుందో చూడండి. భూమి పంచుకునేటప్పుడు, కొనేటప్పుడు మీ పేరూ రాయించమని అడగండి. అడగడం గొడవ కాదు. చేపలమ్మే వారైతే సంఘం సమావేశంలో ఈ కార్డు మాట ఎత్తండి.

మొన్న అప్ప తన సంఘం అప్పు కాగితం తెచ్చింది. కూతురు పూర్తి చేసిందట. 'వృత్తి' అన్న చోట 'గృహిణి' అని ఉంది. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ మాట కొట్టేసి, పక్కన 'చేపల వ్యాపారం' అని రాశాను.

"ఎన్నేళ్ల నుంచి అని కూడా రాయమ్మా" అంది. "ముప్పయ్యేళ్లు."