సోడాలో సోడా ఉన్నదా?

వేసవి మధ్యాహ్నం భోజనం కాస్త ఎక్కువైన ఇంట్లో మొదట వినబడే మాట, "ఒరేయ్, ఓ సోడా పట్టుకురా!" మా అమ్మకయితే కడుపుబ్బరానికీ, వడదెబ్బకూ, కళ్ళు తిరగడానికీ కూడా సోడాయే మందు.

2019 మే నెలలో ఒక రాత్రి నాన్నగారు గుండెల్లో బరువుగా ఉన్నదన్నారు. ఆ పూట ఇంట్లో పనసపొట్టు కూర. "గ్యాసే!" అని అందరం కలిసి తేల్చేశాం. వీధి చివరి కిళ్ళీకొట్టుకు పరుగెత్తి నేనే సోడా తెచ్చాను. ఆయన తాగి, ఘనంగా ఒక తేన్పు తేన్చి, "హమ్మయ్య" అన్నారు. మేమూ హమ్మయ్య అనుకుని పడుకున్నాం. తెల్లవారుజామున ఆయన ఒళ్ళంతా చెమటలు పోసి కూలబడితే గాని ఆస్పత్రికి తీసుకువెళ్ళలేదు. గుండెపోటు! ప్రాణం దక్కింది గాని, గుండె బాగా దెబ్బతిన్నది.

"మరి తేన్పు వచ్చింది గదండీ" అని నసిగాను.

"మాష్టారూ, సోడాలో మీరు పోసిన గాలే తిరిగి పైకి వచ్చింది. హాయిగా ఉన్నంత మాత్రాన జబ్బు గ్యాసేనని ఎలా అనుకున్నారు?" అన్నారు డాక్టరుగారు.

మాటల అర్థాలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. చిన్నప్పటినుంచీ తాగుతున్న సోడాకు అర్థం మాత్రం అప్పటికి తెలియదు. తరువాత వెతికాను. చిత్రమేమంటే మన మామూలు గోళీ సోడాలో సోడా ఉండనే ఉండదు! ఉన్నవి నీళ్ళు, ఒత్తిడి పెట్టి వాటిలో కరిగించిన బొగ్గుపులుసు గాలి, అంతే. ఒకప్పుడు సోడా ఉప్పు కలిపి చేసేవారు. ఉప్పు పోయినా పేరు నిలిచింది.

దీన్ని మందనుకోవడం మా అమ్మతో మొదలైన పొరపాటేమీ కాదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన 1767లో సారాబట్టీ పక్కన కాపురముండి, పులుస్తున్న తొట్ల మీద తేలే గాలిని నీళ్ళలోకి ఎక్కించాడు. 1772లో, సుద్ద మీద గంధకామ్లం పోసి ఆ గాలిని పుట్టించే పద్ధతిని పుస్తకంగా అచ్చు వేశాడు. నావికుల చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ రోగం దీనితో కుదురుతుందని ఆయన ఆశ. ఆ రోగానికి కావలసింది నిమ్మ, నారింజలలో ఉండే 'సి' విటమిను. ఒట్టి గాలినీళ్ళు ఏం చేస్తాయి పాపం!

సీసా కథ ఇంకా ముచ్చటైనది. హైరం కాడ్ అనే ఇంగ్లీషువాడు 1870 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. సీసాను తలకిందులుగా పెట్టి నింపుతారు. లోపలి గాలి తోపుకు గోళీ వెళ్ళి మెడలోని రబ్బరు చుట్టకు అతుక్కుంటుంది. బిరడా లేదు, మూత లేదు. దాన్ని నొక్కితే వచ్చే కీచుమనే చప్పుడుకు పసిపిల్లలు కూడా తిరిగి చూస్తారు. ఢిల్లీలో దీన్నే 'బంటా' అంటారు.

నాన్నగారు ఇంటికి వచ్చాక అసలు చిక్కు వచ్చింది. డాక్టరుగారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఆయనకేమో సాయంత్రం సోడా లేనిదే తోచదు. అప్పుడు సీసాల మీద చీట్లు చదవడం మొదలుపెట్టాను. 'క్లబ్ సోడా' అన్నదానిలో సోడియం లవణాలు కలుపుతారు. నేలలోంచి ఊరే బుగ్గనీళ్ళలో ఆ నేలలోని ఉప్పులే ఉంటాయి. టానిక్ వాటరులో క్వినైను చేదు, దాన్ని కప్పడానికి చక్కెర. మా గోదావరి వాళ్ళకు ప్రాణమైన రామచంద్రాపురం ఆర్టోసు కూడా తీపిదే. నాన్నగారికి చక్కెర జబ్బు ఉన్నది గనుక అదీ లాభం లేదు. ఇక బండి మీది నిమ్మసోడాలో సోడా కన్న పైన వేసే ఉప్పే ఎక్కువ!

డాక్టరుగారిని అడిగితే ఒట్టి గోళీ సోడా అప్పుడప్పుడు ఒకటి తాగవచ్చునన్నారు. "మందుగా మాత్రం కాదు సుమండీ! గుండెల్లో బరువుగా ఉంటే సీసా కోసం కాదు, బండి కోసం పరుగెత్తండి" అన్నారు.

ఇప్పుడు కొట్టుకు ఇద్దరం కలిసే వెళ్తాం. "ఉప్పు వేయకు నాయనా" అని కొట్టువాడికి ముందే చెప్పి, నాన్నగారు గోళీ తానే నొక్కుకుంటారు. తేన్పు రాగానే నా ముఖం వంక చూసి, "ఇది సోడాదేలేరా" అంటారు.